పాత ఆది

మా కొట్టుకి ఎవరైనా ఆది పట్టుకొచ్చారంటే ఆ మనిషికి ఆ పూట మూడినట్టే. ఆది అంటే తెలుసుగా, ఒంటికి సరిగ్గా సరిపోయిన పాత బట్ట. దాన్ని దర్జీ ముందు పెట్టి అచ్చం ఇలాగే కుట్టమంటాం. లోకంలో దర్జీలందరూ నోరు మూసుకుని తీసుకుంటారు. మా మనిషి మాత్రం దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల చివరికి తోసి, మెడలోంచి టేపు తీసి, చేతులు పైకెత్తండి అంటుంది. ఇది నాలుగేళ్ళ కిందటి ఒంటిది, నేను కుట్టేది ఇవాళ్టి ఒంటికి అంటుంది. ఒకావిడ నేను లావెక్కానంటావా అని ఒంటికాలి మీద లేచింది. కొలిస్తే నడుము దగ్గర మూడంగుళాల తేడా వచ్చింది. ఆవిడ తన ఆది తనే మడిచి సంచిలో పెట్టుకుంది.

ఎప్పుడు చూసినా మెడలో ఆ టేపు ఉంటుంది కనుక ఆమెకి టేపు అని పేరు పడింది. పెట్టింది నేనే. పేర్లు పెట్టడంలో నాది పాపిష్టి నోరు, ఆ సంగతి ముందు ముందు వస్తుంది. నన్ను గుండీలక్క అంటారు. గుండీలు, కాజాలు, అంచులు, చేతికుట్టు ఏదున్నా నా పని. కత్తెరా మిషనూ ఆమెవి. పద్నాలుగేళ్ళుగా ఇద్దరం కలిసి ఈ కొట్టు నడుపుతున్నాం. మూడో అంతస్తులో ఒకే గది. కిటికీ కింద కత్తిరించే బల్ల, గోడకి, బట్ట మీద పెట్టి కత్తిరించే అచ్చు కాగితాల సంచులు, మూలన నా స్టూలు. లిఫ్టు ఉంది. ఉందంటే దానికి తలుపు ఉంది, అంతే. టేపు మొగుడు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మెకానిక్కు, కానీ మా లిఫ్టు వేరే కంపెనీదట, చెయ్యి పెట్టకూడదట. పద్నాలుగేళ్ళుగా ఆ ఒక్క ముక్కే చెబుతున్నాడు, మేం మెట్లే ఎక్కుతున్నాం.

పదకొండేళ్ళ కిందట టేపు కడుపుతో ఉంది. ఏడో నెలలో కాళ్ళు చెప్పుల్లో పట్టడం మానేశాయి. తలనొప్పి అనేది. సూదిలోకి దారం ఎక్కిస్తుంటే కళ్ళ ముందు మినుకు మినుకుమంటోంది అక్కా అనేది. చూపిస్తే బీపీ అన్నారు. మందులిచ్చారు, పడుకోబెట్టారు, అయినా దిగలేదు. ఎనిమిదో నెల సగంలో తల్లి ప్రాణానికి ముప్పు అని ఆపరేషన్ చేసి పిల్లని బయటికి తీశారు. రెండు కిలోలు కూడా లేదు, నా అరచేతి కంటే కాస్త పెద్దది. తల్లీపిల్లా దక్కారన్న సంతోషంలో నా నోరు ఊరుకోలేదు. బీపీ వచ్చింది, బీపీ పోయింది, ఇదిగో మా బీపీ అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లకి ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది.

నేనెందుకంత ధీమాగా ఉన్నానంటే, నాకూ నా కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఇదే బీపీ వచ్చింది, ఇలాగే కాళ్ళు వాచాయి. కాన్పయింది, వాపు దిగింది, బీపీ పోయిందన్నారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళలో నేను నా ఒంటి కోసం ఆసుపత్రి గుమ్మం తొక్కితే ఒట్టు. ఇది గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆరు వారాలకి టేపుకి మళ్ళీ చూశారు. మామూలుకి వచ్చింది, మందు ఆపేయమన్నారు. నర్సు ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో అన్నీ రాసిచ్చింది. చదవలేదా అంటే చదివాం. బీపీ తగ్గింది అన్నంతవరకూ చదివాం. కావలసిన మాట దొరికాక ఆ పైన ఎవరు చదువుతారు? అప్పటికీ టేపు, మళ్ళీ ఎప్పుడైనా రమ్మన్నారేమో చూడక్కా అంది. నాకు పోలేదా, నీకూ అంతే, పిల్ల సంగతి చూసుకో అని కసిరాను.

ఆ కాగితం మంచి మందంగా ఉంది. పుట్టిన పిల్లకి కొలతకి సరిపడా గౌన్లు కుట్టాలి, అంత చిన్న అచ్చు మా సంచుల్లో లేదు. టేపు పాలిస్తోంది. కత్తెర నేను పట్టుకున్నాను. ఆ కాగితాన్నే మడత పెట్టి గౌను ముందు భాగం ఒక ముక్క, బుట్టచేయి ఒక ముక్క కత్తిరించాను. సరిగ్గా రొమ్ము మీద బీపీ తగ్గింది అన్న మాట వచ్చింది. ఎవరికైనా పసిపిల్లల గౌను కుట్టినప్పుడల్లా ఆ అచ్చు తీసి, గుండుసూదులు గుచ్చి, ఆ మాట చూసుకుని నవ్వుకునేవాళ్ళం. టేపు దాన్ని తన సర్టిఫికెట్టు అనేది.

ఎక్కడైనా ఉచిత పరీక్షలకి పిలిచి బీపీ ఉందా అని అడిగితే, ఉంది, ఇప్పుడు ఐదో తరగతి చదువుతోంది అనేది. అడిగినవాళ్ళు తెల్లమొహం వేస్తే మా ఇద్దరికీ నవ్వాగేది కాదు. ఆ నవ్వుల్లో వాళ్ళు పట్టీ కట్టి చూస్తామన్నా, పని ఉందని లేచి వచ్చేసేవాళ్ళం.

ఈ ఏడు మొదట్నుంచీ టేపు రెండో అంతస్తులో ఆగడం మొదలుపెట్టింది. చెప్పు బకిల్ సర్దుకున్నట్టు వంగి, రెండు నిమిషాలు ఊపిరి తీసుకునేది. ఆ బకిల్ పాడూ కాలేదు, ఊడిందీ లేదు. నేను చూశాను, అర్థం కూడా అయింది, కానీ ముప్పై తొమ్మిదేళ్ళకే ముసలిదానివైపోయావు అని ఆటపట్టించి ఊరుకున్నాను. రెక్కల మధ్య పట్టేసిందనేది. పొద్దస్తమానం బల్ల మీద వంగే మనిషికి వీపు పట్టక ఏం చేస్తుంది అని బామ్ రాశాను. ఒక వారం నుంచి దవడ లాగుతోందంది. పంటి డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. ఒక్కో చోట ఒక్కో నొప్పి, ఒక్కోదానికి నా దగ్గర ఒక్కో జవాబు.

ఆ రోజు పొద్దున పది గంటలకి ఒక టాక్సీ డ్రైవరు కోటు కొలతకి వచ్చాడు. అతను చేతులు చాపి నుంచున్నాడు, టేపు కొలుస్తోంది, నేను పుస్తకంలో రాస్తున్నాను. భుజం పద్దెనిమిది అంది. రాశాను. మళ్ళీ భుజమే కొలిచి పద్దెనిమిది అంది. రాశానుగా అన్నాను. మూడోసారి కూడా టేపు భుజం మీదే పెట్టింది. పద్నాలుగేళ్ళలో ఆమె ఒక కొలత రెండుసార్లు చెప్పడం నేను వినలేదు. తలెత్తి చూస్తే మొహం నిండా చెమట, ఫ్యాను కింద నుంచుని ఉంది. కొలిచే టేపు చేతిలోంచి జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి కూడా వంగలేదు.

"అక్కా, వీపు మీద ఎవరో కూర్చున్నారు" అంది.

అప్పటికీ నా బుద్ధి గడ్డి తింది. గ్యాసు, కాసేపు పడుకో అన్నాను. ఆ డ్రైవరు నా కంటే నయం. సూదులు గుచ్చిన కోటుతోనే నా స్టూలు ముందుకి లాగి ఆమెని కూర్చోబెట్టి, ఆ పక్క మీరు పట్టుకోండి అన్నాడు. మూడంతస్తులు ఆమెని స్టూలు మీద దింపాం. ప్రతి మలుపులోనూ ఆ పనికిరాని లిఫ్టు తలుపు కనిపిస్తుంటే టేపు మొగుడి కంపెనీనీ ఎదుటి కంపెనీనీ కలిపి తిట్టాను. టేపు నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేట్టు. పిల్ల బడి నుంచి వచ్చే వేళకి మనం ఇంట్లో ఉంటామా అని ఒక్కటే అడిగింది. ఉంటామన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలీదు.

అతని టాక్సీలోనే వెళ్ళాం, ఆసుపత్రిలో ఒకమ్మాయి ఫారం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. బీపీ, షుగరు ఏమైనా ఉన్నాయా? టేపు లేవని తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ అడక్కపోయినా వాగే నోరు నాది, ఆ ఒక్క నిమిషం గమ్మున ఉంది. ఎందుకంటే లేదనే నేనూ నమ్మాను.

నర్సు చేతికి పట్టీ కట్టి గాలి కొట్టింది. అంకె చూసింది, మా మొహాలు చూడలేదు. పట్టీ విప్పి, రెండో చెయ్యి చాపమంది. రెండో చేతికీ కట్టి చూశాక డాక్టరమ్మని కేకేసింది. పైది రెండు వందల నాలుగు, కిందది నూట ఇరవై రెండు. నాకు అంకెలతోనే బతుకు, కానీ ఆ అంకెలకి అర్థం ఆ నర్సు అడుగుల చప్పుడులో తెలిసింది.

డాక్టరమ్మది చిన్న వయసే, మాట మాత్రం నిదానం. రొమ్ముకి తీగలు పెట్టిస్తూ, మందు ఎక్కిస్తూనే అడిగింది. ఇంత బీపీ ఇవాళ పుట్టింది కాదమ్మా, కడుపుతో ఉన్నప్పుడు ఎప్పుడైనా వచ్చిందా? టేపు నా వైపు చూసింది. "మా అమ్మాయితో వచ్చింది, అమ్మాయితోనే పోయింది" అంది, ఊపిరి మధ్యలో. డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"పోయిందని ఎవరు చెప్పారు?"

నేనే చెప్పానన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాన్పుతో బీపీ తగ్గుతుంది, అది నిజమే అంది. కానీ ఒకసారి అలా వచ్చిన ఒంటికి, మిగతా ఆడవాళ్ళ కంటే బీపీ మళ్ళీ వచ్చే అవకాశం, గుండెజబ్బు వచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఐదేళ్ళకి రావచ్చు, ఇరవై ఏళ్ళకి రావచ్చు, కొందరికి అసలు రాకపోనూ వచ్చు. అందుకే బాగున్నా సరే ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలి. గుండెకి వెళ్ళే రక్తనాళం ఒకటి మూసుకుపోతున్నట్టుంది, వెంటనే లోపల చూసి తెరవాలి అంది. అప్పటి కాగితాలు ఉంటే ఇప్పించండి, మూత్రపిండాల మీద ఎంత దెబ్బపడిందో తెలిస్తే మాకు మంచిది అని చెప్పి మంచాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. తలుపు రెక్కలు రెండుసార్లు ఊగి ఆగాయి.

అప్పుడే టేపు మొగుడు వచ్చాడు, బడి నుంచి పిల్లని కూడా తీసుకుని. చేతులకి ఇంకా గ్రీజు ఉంది. ఏమైందక్కా అంటే చెప్పాను. చెప్పేటప్పుడు పిల్ల పక్కనే ఉందని మరిచిపోయాను. కాన్పు నాటి బీపీ వల్లేనట తమ్ముడూ, అదే ఇంతకి తెచ్చిందట అన్నాను. అతను గోడకి చేరగిలబడ్డాడు. పిల్ల నా కొంగు లాగింది.

"పెద్దమ్మా, నేను పుట్టినందుకేనా?"

దానికి ఆ పేరు పెట్టింది నేను. పదకొండేళ్ళు నోరారా పిలిచింది నేను. ఆ పిల్ల తన పేరు విని తన తప్పు అనుకుంటోంది. కాగితం తీసుకొస్తానని ఉన్నపళంగా అక్కణ్ణించి బయటపడ్డాను. పారిపోయానంటేనే నిజం.

డ్రైవరు ఇంకా కిందే ఉన్నాడు, కోటు విప్పలేదు. కొట్టుకి తీసుకెళ్ళాడు. మూడంతస్తులూ ఒక్క ఊపున ఎక్కాను. తల దిమ్ముగా ఉంది, కణతలు టకటకా కొట్టుకుంటున్నాయి. తాళం తీశాను. పసిపిల్లల సంచి నేల మీద బోర్లించాను. గౌను ముందు భాగం వెంటనే దొరికింది, బీపీ తగ్గింది అన్న మాటతో సహా. పైన తేదీ ఉంది, ఎన్నో నెలో ఉంది, పరీక్షల అంకెలు కొన్ని ఉన్నాయి. ఆ మాట తర్వాత కాగితం లేదు, నేను కత్తిరించిన మెడ వంపు ఉంది.

బుట్టచేయి ఎక్కడ? కాలర్లు, జేబులు, లాగులు, ఒక్కొక్కటీ తీసి పారేస్తూ వెతికాను. అక్కడ ఆమె గుండె ఏమవుతోందో తెలీదు, ఇక్కడ నేను బుట్టచేయి వెతుక్కుంటున్నాను. చివరికి వేరే గౌను మడతలో దొరికింది. రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మధ్యలో వంపు మేరకి కొన్ని అక్షరాలు చెత్తబుట్టలోకి పోయాయి, పోయినా తెలుస్తూనే ఉంది. బీపీ తగ్గింది. అయినా ఏటేటా తప్పకుండా చూపించుకోవాలి. తర్వాత వంపు. ఆ పైన, గుండె జాగ్రత్త, జీవితాంతం.

గుండీల గురించి నాకు తెలియంది లేదు. గుండె అన్న మాట నా కళ్ళ ముందు నుంచే కత్తెరలోకి పోయింది. ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. లేచేసరికి కళ్ళ ముందు మినుకు మినుకుమంది. ఏడుపనీ, మెట్లనీ సరిపెట్టుకున్నాను.

తిరిగి వెళ్ళేసరికి తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఒక నర్సు ఆ ముక్కలు లోపలికి తీసుకెళ్ళింది. తమ్ముడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పిల్ల బెంచీ మీద కూర్చుని తన బడి సంచి పట్టీలు ముడి వేసి విప్పుతోంది. దాని పక్కన కూర్చున్నాను. గంట పైన పట్టింది. ఆ గంటలో నేను టేపు లేకుండా ఆ కొట్టులో నా స్టూలు మీద కూర్చున్నట్టు ఊహించుకోబోయాను. నా వల్ల కాలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. నాళం తెరిచాం, స్టెంటు వేశాం, ప్రాణానికి గండం గడిచింది అంది. గుండెలో కొంత మేర కండ దెబ్బతింది, ఇక మందులు జీవితాంతం, మెట్లు నిదానంగా. తమ్ముడు కింద కూలబడి ఏడ్చాడు. ఆవిడ చేతిలో నా అచ్చు ముక్కలున్నాయి, ఒళ్ళంతా సూది బెజ్జాలతో. వీటిని ఏం చేశారని అడిగింది. గౌను కుట్టామన్నాను. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

అప్పుడు పిల్లని దగ్గరికి తీసుకున్నాను. ఈసారి పారిపోలేదు.

"నీ వల్ల కాదమ్మా. నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మ ఒళ్ళు మాకు ముందే చెప్పింది. వినంది మేం. అందులో మొదటిదాన్ని నేను."

మరి నన్ను బీపీ అని ఎందుకన్నావు అంది. తప్పయిందన్నాను. ఆ మాట జన్మలో ఒక్కరికీ చెప్పని మనిషిని నేను. ఇకమీదట ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పళ్ళు రాలగొడతానన్నాను. పిల్ల కొంచెం ఆలోచించి, నువ్వు మరిచిపోయి పిలిస్తే అని అడిగింది. నావి నేనే రాలగొట్టుకుంటానన్నాను. అప్పుడు దాని చెయ్యి నా చేతిలో పెట్టింది.

రెండో రోజు మధ్యాహ్నం మమ్మల్ని లోపలికి వదిలారు. మెడలో టేపు లేకుండా ఆమెని నేను తీరిగ్గా చూడ్డం అదే మొదలు, చిన్నపిల్లలా ఉంది. అచ్చు కాగితం సంగతి అప్పటికే మొగుడు చెప్పాడు. నేను మంచం పక్కన నుంచుని, దాచకుండా మొత్తం చెప్పాను. బీపీ పోయిందన్నది నేను, కసిరింది నేను, కత్తిరించింది నేను.

"నా ఆది మీద నీకు కుట్టానే" అన్నాను.

కడిగిపారేస్తుందనుకున్నాను, కడిగితే పడదామనే వచ్చాను. మెల్లగా మొహం ఇటు తిప్పింది. కోపం లేదు. గిరాకీ తన ముందు ఆది పెట్టినప్పుడు చూసే చూపు అది, నేను వెయ్యిసార్లు చూసిందే.

"ఆ ఆది కొలిచి ఎన్నాళ్ళయిందక్కా?"

ఇరవై ఆరేళ్ళన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలీలేదు. ఆమె పక్క మంచం దగ్గరున్న నర్సుని పిలిచి, మా అక్కకి కూడా ఒకసారి చూడమ్మా అంది. నాకేం, గుండ్రాయిలా ఉన్నానన్నాను. చెయ్యి పైకెత్తు అంది టేపు. ఆ గొంతు ముందు ఎవరి మాటా చెల్లదు.

స్టూలు మీద కూర్చున్నాను. ఎడమ చేతికి పట్టీ కట్టారు, గాలి ఎక్కి బిగిసింది, మెల్లగా దిగింది. మినుకులు, కణతలు, పొద్దున లేవగానే తల బరువు, మాటకి ముందొచ్చే నా కోపం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. పిల్ల నా కుడి చెయ్యి పట్టుకుని అంకె వైపు తొంగి చూసింది.

నర్సు అంకె చూసింది, నా మొహం చూడలేదు. పట్టీ విప్పింది. పాపా, పెద్దమ్మ చెయ్యి వదులు, ఆ చేతికి కూడా కట్టాలి అంది.